ఎలీ మెచ్నికాఫ్ పండితుడు – పుల్లని పెరుగు

మన యిండ్లలో పెరుగో మజ్జిగయో లేనిదే భోజనము ముగిసినట్లు తోచదు. వేసవికాలమున కూడలియందు చలివేంద్రము పెట్టి దారిని పోవువారికి మజ్జిగ పోయుట మన పెద్దలు పుణ్యకార్యముగా నెంచిరి. రాత్రి పాలు కాచి తోడువేసి యుంచుట మన తల్లులకు నిత్యకృత్యము. ఇంత సామాన్యమైన ఈ పదార్థమును ఐరోపాఖండమునందలి యొక మహాపండితుడు సూక్ష్మదర్శినిక్రింద నుంచి పరీక్షించి, మనుష్యుని రక్తనాళములను ముదిమినుండి కాపాడు గుణము దీనియందు కలదని తలంచెను. ఆ తలంపు కొంత నిజమయ్యెను, కొంత పొరపాటయ్యెను. నిజమైన భాగము కూడ ఆయన ఊహించిన చోట గాక వేఱొకచోట దొరకెను. ఆ చరిత్రమును ఈ సంవత్సరము మన పత్రికయందు వ్రాయ నెంచితిమి. ఆయన పేరు ఎలీ మెచ్నికాఫ్.

మెచ్నికాఫ్ 1845వ సంవత్సరము మేనెలలో, ఆనాడు రష్యా సామ్రాజ్యమునకు లోబడి నేడు యుక్రెయిను దేశమునందున్న ఖార్కోవ్ పట్టణమునకు సమీపమున నొక పల్లెలో జన్మించెను. తండ్రి చక్రవర్తి అంగరక్షకదళమున అధికారిగా నుండినవాడు. బాలునకు ఎనిమిదేండ్ల ప్రాయమున, అన్నకు చదువు చెప్పుటకై యింటికి వచ్చిన యొక వైద్యవిద్యార్థి వలన ప్రకృతిశాస్త్రమునందు అభిరుచి కలిగెను. చెట్లను, పురుగులను వెదకి తెచ్చుటయు, తాను నేర్చినది తోడిపిల్లలను కూర్చుండబెట్టి బోధించుటయు అతనికి ఆటగా నుండెను. ఉన్నతపాఠశాలయందు బంగారుపతకము పొంది, ఖార్కోవ్ విశ్వవిద్యాలయమున నాలుగేండ్ల చదువును రెండేండ్లలో ముగించెను. అప్పటికి పందొమ్మిదేండ్లవాడు.

తరువాత జర్మనీ, ఇటలీ దేశములకు పోయి సముద్రమునందలి అల్పజీవులను పరిశీలించెను. 1865వ సంవత్సరమున జర్మనీయందలి గీసెన్ పట్టణమున నొక చిన్న పురుగును చూచుచుండగా, దాని శరీరమునందలి కణములే ఆహారపు తునకలను తమలోనికి తీసికొని జీర్ణము చేసికొనుట గమనించెను. ఇది అప్పటికి చిన్నసంగతి. కాని పదునేడేండ్ల తరువాత ఈ చిన్నసంగతియే పెద్ద వృక్షమునకు విత్తనమయ్యెను. ఇరువది రెండేండ్ల ప్రాయముననే ఒడెస్సా విశ్వవిద్యాలయమున ఆయనకు బోధకుని పదవి లభించెను.

విద్యయందు ఇంత త్వరగా పైకి వచ్చినవాడు గృహమునందు మిక్కిలి దుఃఖమనుభవించెను. 1869వ సంవత్సరమున ల్యుద్మీలయను యువతిని వివాహమాడెను. ఆమె క్షయరోగపీడితురాలు, పెండ్లినాడు ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి దేవాలయమునకు తీసికొని రావలసి వచ్చెను. ఆమెను బ్రదికించుకొనుటకై ఆయన అప్పులు చేసెను; కన్నులు చెడునంతగా రాత్రింబగళ్లు పనిచేసెను; మంచిగాలి కొఱకు దూరదేశములకు తీసికొని పోయెను. అయినను 1873వ సంవత్సరమున మదీరా ద్వీపమునందు ఆమె మరణించెను. ఆ దుఃఖమున ఆయన తన ప్రాణమును తీసికొన యత్నించెను గాని దైవానుగ్రహము వలన బ్రదికెను. ఆ దినములలో ఆయనకు లోకమంతయు చీకటిగా తోచినది. 1875వ సంవత్సరమున ఓల్గాయను యువతిని వివాహమాడిన తరువాతను కొన్నియేండ్లు ఆ నిరాశ వీడలేదు. 1880వ సంవత్సరమున ఆమెకు విషజ్వరము వచ్చి ప్రాణసంకటమయ్యెను. ఆమె కోలుకొనెను గాని ఆయన ఆరోగ్యమును మనస్సును మఱల చెడెను. 1881వ సంవత్సరమున ఆయన మఱియొక జ్వరరోగి రక్తమును తన దేహమున ఎక్కించుకొని చావునకు సమీపించెను. ఆ జబ్బునుండి లేచినప్పటినుండి మాత్రము ఆయనకు జీవితముపై క్రొత్త ప్రీతి పుట్టెను. ఆ ప్రీతి యెన్నడును తగ్గలేదు.

1882వ సంవత్సరమున రాజకీయపు అల్లరుల కారణముగా విశ్వవిద్యాలయమునందలి కొలువు విడిచి, సిసిలీ ద్వీపమునందలి మెస్సీనా పట్టణమునకు భార్యతోను ఆమె తోబుట్టువులతోను పోయి సముద్రతీరమున కాపురముండెను. ఒకనాడు ఇంటివారందఱు సర్కసునకు పోగా, ఆయన యొక్కడే కూర్చుండి నక్షత్రచేప పిల్లపురుగులను సూక్ష్మదర్శినిలో చూచుచుండెను. ఆ పురుగులు అద్దమువలె పారదర్శకములు. లోపల సంచరించు కణములన్నియు కనబడును. గీసెన్‌లో చూచిన సంగతి జ్ఞప్తికి వచ్చెను. ఆహారమును మ్రింగు కణములు శత్రువును గూడ మ్రింగరాదా యని ఆయనకు తోచెను. వెంటనే పెరటిలోనికి పోయి గులాబిముండ్లను తెచ్చి ఆ పురుగుల చర్మముక్రింద గ్రుచ్చెను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవాఱి చూచునప్పటికి ముండ్లచుట్టును సంచారకణములు గుంపులుగా మూగి యుండెను. మన వ్రేలిలో ముల్లు విఱిగినప్పుడు ఆచోట ఎఱ్ఱబారి, వేడెక్కి, వాచి, నొప్పిపుట్టి చీము చేరుట మీరెఱుగుదురు. దానినే వైద్యులు శోథ యందురు. అది కేవలము వ్యాధి కాదనియు, దేహము తనను కాపాడుకొనుటకై పంపు సేనయే ఆ చీమునందలి తెల్లకణములనియు ఆయన గ్రహించెను.

ఆ కాలమున వైద్యశాస్త్రమునకు పెద్దదిక్కుగా నుండిన జర్మనీదేశపు విర్కో పండితుడు మెస్సీనాకు వచ్చి ఆ ముండ్ల ప్రయోగమును స్వయముగా చూచెను. తెల్లకణములు సూక్ష్మక్రిములను మోసికొనిపోయి దేహమంతట వ్యాపింపజేయునని అప్పటి వైద్యులు తలంచుచున్నారని చెప్పి, జాగ్రత్తతో ముందునకు సాగుమని హెచ్చరించుచునే ఆయనను ప్రోత్సహించెను. 1883వ సంవత్సరమున వియన్నాపట్టణపు ఆచార్యుడు క్లౌస్ ఆ కణములకు ఫాగొసైటులను గ్రీకుపేరు సూచించెను. భక్షకకణములని దాని యర్థము. మరుసటియేట మెచ్నికాఫ్ చెరువునీటిలో నుండు డాఫ్నియా యను అల్పజీవిని పరీక్షించెను. సూదివంటి బూజుబీజములు దాని ప్రేగును చీల్చికొని దేహములోనికి వచ్చినప్పుడు భక్షకకణములు వానిపై పడి మ్రింగుచుండెను. కణములు గెలిచినయెడల ఆ జీవి బ్రదికెను. బూజు గెలిచినయెడల చచ్చెను.

పండితులలో అనేకులు ఆయన మతమును ఎదిరించిరి. రోగనిరోధము రక్తపు ద్రవమునందే కలదుగాని కణములయందు లేదని జర్మనీదేశపు విద్వాంసులు వాదించిరి. ఈ వాదము ఇరువదియేండ్లకు పైగా నడచెను. తుదకు ఇరుపక్షములవారును సత్యమునందు చెఱియొక సగము పట్టుకొనియున్నారని తేలెను. అందువలననే 1908వ సంవత్సరమున నోబెల్ బహుమానము కణపక్షమువాడైన మెచ్నికాఫ్‌నకును, ద్రవపక్షమువాడైన జర్మనీదేశపు పాల్ ఎర్లిక్‌నకును కలిపి యొసగబడెను.

1886వ సంవత్సరమున ఒడెస్సాలో స్థాపింపబడిన సూక్ష్మక్రిమి పరిశోధనాలయమునకు ఆయన అధిపతిగా నుండెను. కాని ఆయన వైద్యుడు కాడని అచ్చటి వైద్యులు సహకరింపలేదు. 1888వ సంవత్సరమున పారిస్ నగరమునకు పోగా, లూయీ పాస్టర్ మహాశయుడు ఆదరించి తన సంస్థయందు ఒక ప్రయోగశాలను ఇచ్చెను. మెచ్నికాఫ్ జీతమును కోరలేదు. అది మొదలు మరణపర్యంతము, అనగా ఇరువది యెనిమిది సంవత్సరములు, అచ్చటనే పనిచేసెను. ఒడెస్సాలో ఆయనయొద్ద చదివిన హాఫ్కిన్ అను శిష్యుడు గురువు వెనుకనే పారిస్ చేరి కలరాకు టీకా మందు కనిపెట్టి, 1893వ సంవత్సరమున మన భరతఖండమునకు వచ్చి వేలకొలది జనులకు ఆ టీకా వేసెను. 1897వ సంవత్సరమున బొంబాయిలో మహామారికి టీకా సిద్ధపఱచినవాడును ఆయనయే. కావున మెచ్నికాఫ్ పండితుని విద్యాఫలము ఆనాడే మన దేశమున కొంత చేరినదని చెప్పవచ్చును.

1892వ సంవత్సరమున ఫ్రాన్సులో కలరా వ్యాపించినప్పుడు ఒకే నీటిని త్రాగినవారిలో కొందఱు చచ్చుటయు కొందఱు బ్రదుకుటయు మెచ్నికాఫ్ చూచెను. కారణము తెలిసికొనుటకై తానే కలరాక్రిములను త్రాగెను, ఏమియు కాలేదు. ఆయనను అనుసరించి త్రాగిన యువకులలో ఒకడు మాత్రము చావునకు దగ్గఱయై కష్టముమీద బ్రదికెను. అది చూచి ఆయన మిక్కిలి క్రుంగెను. ఇట్టి ప్రయోగములను నేడెవ్వరును అనుమతింపరు, అనుమతింపకుండుటయే న్యాయము. ఆ తప్పు నుండి మాత్రము ఆయన కొక క్రొత్త ప్రశ్న పుట్టెను. మన ప్రేగులలో పూర్వమే కాపురమున్న సూక్ష్మజీవులలో కొన్ని కలరాక్రిమికి తోడ్పడుచు, కొన్ని దానిని అడ్డగించుచున్నవేమో యని ఆయన ఊహించెను. అప్పటినుండి ఆయన దృష్టి మనుష్యుని ప్రేగులపై నిలిచెను.

ఇంతలో ఆయనకు వార్ధక్యము సమీపించుచుండెను. 1892వ సంవత్సరమున శోథను గూర్చిన తన ఉపన్యాసములను గ్రంథముగా ప్రకటించిన ఆ పండితుడు, ముదుసలి దేహమున ఏమి జరుగుచున్నదని పరిశీలింప మొదలిడెను. యౌవనమున శత్రువులను మ్రింగిన భక్షకకణములే ముదిమియందు తల వెండ్రుకల రంగును, నరముల కణములను మ్రింగుచున్నవని ఆయనకు తోచెను. ఊరిని కాచు తలారులే ఊరిని దోచుటకు మొదలిడినట్లని దీనిని మనము పోల్చుకొనవచ్చును. నరముల విషయమున ఆయన చెప్పినది తరువాత నిలువలేదు. ముసలివారి ధమనులు గట్టిపడుటను గూడ ఆయన ప్రత్యేకముగా గమనించెను. రక్తనాళముల వయస్సే మనుష్యుని వయస్సని వైద్యులు చెప్పుకొనుట ఆయనకు తెలియును. ఆ గట్టిపాటునకు కారణమేమి? పెద్దప్రేగులో మాంసకృత్తులు క్రుళ్లుటవలన ఇండోలు, ఫీనాలు, క్రెసోలు అను విషములు పుట్టి రక్తమున చేరి ధమనులను చెఱచుచున్నవని ఆయన మతము. ఆయన ప్రయోగశాలలో ఈ విషములను జంతువులకు పెట్టి వాని ధమనులయందలి మార్పులను చూచిరి.

క్రుళ్లుట నెట్లు ఆపవలెను? పాలు పులిసినయెడల వానిలో క్రుళ్లించు క్రిములు పెరుగవు. పులుపే వానిని అణచును. బల్గేరియాదేశమున పుల్లని పెరుగు విస్తారముగా తినువారు దీర్ఘాయుష్మంతులని ఆయన వినెను. 1905వ సంవత్సరమున గ్రిగోరోవ్ అను బల్గేరియా విద్యార్థి జెనీవానగరమున ఆ పెరుగునందలి క్రిమిని వేరుచేసి కనిపెట్టెను. మెచ్నికాఫ్ అంతకు పూర్వమే ప్రతిదినము పుల్లనిపాలను త్రాగుచుండెను. 1904వ సంవత్సరము జూన్ 8వ తేదీని పారిస్‌లో వార్ధక్యమును గూర్చి ఉపన్యసించుచు పుల్లనిపాలను ప్రశంసింపగా, పత్రికలు ఆ మాటను పదింతలు చేసి వ్రాసెను. నగరమంతట పెరుగునకు గిరాకి పుట్టెను. వర్తకులు ఆయన మాటలను తమ సరకునకు ఆధారముగా వాడుకొనిరి. మెచ్నికాఫ్ మాత్రము ఇది ఇంకను పూర్తిగా ఋజువుకాని యూహయే యని హెచ్చరించుచు వచ్చెను. 1907వ సంవత్సరమున దీర్ఘాయువును గూర్చి యొక గ్రంథము వ్రాసెను.

1909వ సంవత్సరమున రష్యాకు పోయి టాల్‌స్టాయ్ మహాశయుని ఆయన గ్రామమున దర్శించెను. ఒకరు శాస్త్రమే మనుష్యునకు దారి చూపునని నమ్మినవారు. రెండవవారు దైవభక్తియు సరళజీవనమును లేనిదే శాస్త్రము వలన ప్రయోజనము లేదని నమ్మినవారు. వారి యభిప్రాయములు కలియలేదు గాని ఇరువురును ఒకరినొకరు గౌరవించుకొనిరి. 1913వ సంవత్సరమునుండి మెచ్నికాఫ్‌నకు గుండెజబ్బు కనబడెను. 1914వ సంవత్సరమున యుద్ధము వచ్చి శిష్యులను రణరంగమునకు తీసికొనిపోయెను. ప్రాణములను నిలుపుటకై పనిచేసిన ఆ ప్రయోగశాల శూన్యమగుట ఆయనను మిక్కిలి బాధించెను. జబ్బున పడియుండియు తన నాడిని, తన బాధను తానే పరీక్షించి వ్రాసికొనుచు, మరణానంతరము తన దేహమును, ప్రేగులను ముఖ్యముగా, పరీక్షింపుడని శిష్యుని కోరెను. 1916వ సంవత్సరము జూలై నెలలో డెబ్బదియొక్క సంవత్సరముల ప్రాయమున పారిస్‌నందు మరణించెను. ఆయన భస్మమును పాస్టర్ సంస్థ గ్రంథాలయమునందే యుంచిరి.

చదువరులారా! నిత్యము పుల్లనిపాలు త్రాగిన ఆ పండితుడు రక్తనాళముల జబ్బుననే మరణించుట విని మీలో కొందఱు నవ్వవచ్చును. ఆ నవ్వు కొంచెము ఆగనిండు. ఆయన చెప్పినదానిలో తరువాతివారు ఏమి త్రోసివేసిరో, ఏమి నిలుపుకొనిరో చూతము.

మొదట త్రోసివేయబడినవి. 1913వ సంవత్సరమున రష్యాదేశపు అనిచ్కోవ్ పండితుడు కుందేళ్లకు కొలెస్టరాలు పెట్టి వాని ధమనులయందు క్రొవ్వు పేరుకొనుటను చూపెను. కావున ధమనులవ్యాధికి ప్రేగునందలి విషములే మూలమనుట చాలదని తేలెను. 1921వ సంవత్సరమున అమెరికాయందలి పరిశోధకులు బల్గేరియా క్రిమిని త్రాగించి చూడగా అది మనుష్యుని ప్రేగులో కాపురముండక పోవుచున్నట్లు కనబడెను. మెచ్నికాఫ్ ఆశించిన మార్గము ఇట్లు మూసికొనిపోయెను.

ఇప్పుడు నిలిచినవి. కొలెస్టరాలు ధమని గోడలోనికి చేరినప్పుడు దానిని మ్రింగుటకు అచ్చటికి వచ్చునవి మెచ్నికాఫ్ కనుగొనిన భక్షకకణములే. అవి మ్రింగి మ్రింగి నురుగువలె నుబ్బి అచ్చటనే నిలిచిపోవును. మఱికొన్ని కణములను పిలుచును. ముల్లు గ్రుచ్చికొనినప్పుడు రెండుదినములలో అణగవలసిన శోథ ధమనిగోడలో సంవత్సరములకొలది రగులుచుండును. 1999వ సంవత్సరమున అమెరికా వైద్యశాస్త్రజ్ఞుడు రస్సెల్ రాస్ ధమనుల వ్యాధి శోథవ్యాధియేయని విపులముగా నిరూపించి వ్రాసెను. 2017వ సంవత్సరమున పదివేలమందికి పైగా రోగులపై జరిగిన పరీక్షలో, కొలెస్టరాలును తగ్గింపక శోథను మాత్రమే తగ్గించు ఔషధము వలన గుండెపోట్లు కొంత తగ్గినట్లు కనబడెను. నరముల విషయమున తప్పినను, తలారులే దోపిడికి దిగుదురను ఆయన భావము ధమనుల విషయమున నిజమయ్యెను. క్రెసోలు, ఇండోలులనుండి పుట్టు పదార్థములు మూత్రపిండములు చెడినవారి రక్తమున నిలిచి రక్తనాళములకు హాని చేయునని గూడ నేటి పరిశోధనలు చూపుచున్నవి.

మఱి పుల్లనిపాల సంగతి యేమి? ఇందు మనము పాలలోని మాంసకృత్తును గూర్చి కొంచెము తెలిసికొనవలెను. మాంసకృత్తు అనునది అమినామ్లములను చిన్నపూసలతో గ్రుచ్చిన పొడవైన హారము వంటిది. పాలలో ముఖ్యమైనది కేసీను. హారము తెగి రెండు మూడు మొదలు కొన్ని పదుల పూసల తునకలైనప్పుడు వానిని పెప్టైడులందురు. ఈ పేరును 1902వ సంవత్సరమున, మెచ్నికాఫ్ జీవించియుండగనే, జర్మనీదేశపు ఎమిల్ ఫిషర్ పెట్టెను. పాలు తోడుకొనునప్పుడు క్రిములు పులుపును పుట్టించుటయే గాక, తమ ఆహారముకొఱకు ఈ కేసీను హారమును త్రుంచును. కావున పుల్లనిపాలలోని విశేషము మన ప్రేగులో క్రిమి చేయు పనియందే గాక, కుండలోనే అది ముందుగా చేసిపెట్టిన పనియందును కలదు. ఈ సంగతి మెచ్నికాఫ్‌నకు తోచలేదు.

1995వ సంవత్సరమున జపానుదేశపు శాస్త్రజ్ఞులు తమ దేశపు పుల్లనిపాలనుండి మూడేసి పూసలుగల రెండు పెప్టైడులను వేరుచేసిరి. ఒకటి వాలీను, ప్రోలీను, ప్రోలీను. రెండవది ఐసోల్యూసీను, ప్రోలీను, ప్రోలీను. మన దేహమున ఆంజియోటెన్సిన్ అను పెప్టైడు కలదు. అది మొదట పది పూసలతో పుట్టి నిరుపద్రవముగా నుండును. ఒక ఎంజైము దాని కొననుండి రెండు పూసలను త్రుంచగా ఎనిమిది పూసలది మిగిలి మహాశక్తి గలదగును. అది రక్తనాళములను బిగించి రక్తపుపోటును పెంచును. అంతియేగాక నాళముల లోపొరను రేపి భక్షకకణములను పిలిచి శోథను పెంచును. పుల్లనిపాలలోని ఆ చిన్న పెప్టైడులు ఈ త్రుంచు ఎంజైమునకు అడ్డుపడును. రక్తపుపోటునకు వైద్యులు నేడిచ్చు మాత్రలలో ఒక జాతి ఈ పనినే మిక్కిలి బలముగా చేయును. ప్రయోగశాలలో ఆ పెప్టైడుల వలన తెల్లకణములు నాళపు లోపొరకు అంటుకొనుట తగ్గినట్లును, చిట్టెలుకలలో ధమనుల వ్యాధి కొంత తగ్గినట్లును చూచిరి. పాలు మాత్రమే గాక సోయా, చేపలు, గ్రుడ్లు మొదలగు ఆహారములనుండియు ఇట్టి పెప్టైడులను వెదకి తీయుచున్నారు.

ఇంతవఱకు విని ఇంటికిపోయి తాతగారి మాత్రలను పారవేసి మజ్జిగ పోయుదమని ఎవ్వరును తలంపకుడు! మనుష్యులపై జరిగిన పరీక్షలలో కొన్నిటియందు రక్తపుపోటు స్వల్పముగా తగ్గెను. కొన్నిటియందు ఏమియు తగ్గలేదు. 2011వ సంవత్సరమున ఐరోపా ఆహారభద్రతా సంస్థ పండితులు సాక్ష్యములన్నియు పరిశీలించి, ఈ రెండు పెప్టైడులు రక్తపుపోటును సరిగా నుంచునని ఋజువు కాలేదని తీర్పు చెప్పిరి. గాజుగొట్టములో జరుగునది ఎలుకలో జరుగకపోవచ్చును. ఎలుకలో జరుగునది మనుష్యునిలో జరుగకపోవచ్చును. కడుపులో మఱల త్రుంపబడి, రక్తమున చేరునప్పటికి పెప్టైడు ఎంత మిగులును అనునది పెద్ద ప్రశ్న. మఱియు ఏ క్రిమి తోడుకొలిపెనో దానినిబట్టి పెరుగునందలి పెప్టైడులు మాఱుచుండును. జపాను పుల్లనిపాలలో దొరకినవి మన కుండలోని పెరుగులో అంతే యుండునని చెప్పజాలము. పెరుగు మంచి ఆహారము. దానిని ఔషధమని అమ్మువాని మాటను మాత్రము ఋజువు అడుగక నమ్మరాదు. ఉప్పు మితముగా తినుట, పొగాకు ముట్టకుండుట, నడచుట, వైద్యుడు చెప్పిన మందు తప్పక వాడుట – వీనివలని మేలు చక్కగా ఋజువైనది. మజ్జిగలో గుప్పెడు ఉప్పు వేసికొను అలవాటుగల తల్లిదండ్రులు ఈ మాటను ముఖ్యముగా గమనింపగోరెదము.

మెచ్నికాఫ్ దేవుని నమ్మినవాడు కాడు. ఈ విషయమున మేము ఆయనతో ఏకీభవింపము. మన దేహమున ఇన్ని కావలివాండ్రు ఇంత క్రమముగా మెలగుట చూచినప్పుడు మాకు సృష్టికర్త జ్ఞానమే కనబడుచున్నది. అయినను విశ్వాసులమని చెప్పుకొను మనము ఆయనయొద్ద నేర్వవలసిన దొకటి కలదు. తన కెంతయో ప్రియమైన ఊహను గూడ ఆయన పరీక్షకు నిలువబెట్టెను. లోకమంతయు తన పెరుగును పొగడుచుండగా ఇంకను ఋజువు కాలేదని చెప్పగలిగెను. తుదకు తన మృతదేహమునే సాక్ష్యముగా ఇచ్చెను. సత్యము తన పక్షమున నుండవలెనని గాక, తాను సత్యపక్షమున నుండవలెనని కోరినవాడే అట్లు చేయగలడు.

విద్యార్థులారా! మీలో ఎవరైన రేపు సూక్ష్మదర్శినిముందు కూర్చుండవచ్చును. మీ యూహలలో సగము తప్పిపోవచ్చును. దానికి సిగ్గుపడకుడు. తప్పిన సగమును దాచక చెప్పినయెడల, మిగిలిన సగమును ఎత్తుకొని నడచుటకు నూఱేండ్ల తరువాతనైనను ఎవరో యొకరు వత్తురు. మెస్సీనాలో ముల్లు గ్రుచ్చి రాత్రియెల్ల మేల్కొనియుండిన ఆ పండితుని చరిత్రము మనకు చెప్పునది ఇదియే. రేపు మీ తల్లి మజ్జిగ వడ్డించినప్పుడు ఒకమాఱు ఆయనను తలచుకొనుడు.